రయర్సా? రయర్సనా? – భూమి అర్జీల్లో, చర్చి పుస్తకాల్లో ఒక కుటుంబం కోసం వెతుకులాట

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం, లంచ్ టైములో మా ఆఫీసు పెద్దాయన ఒకరు తన డబ్బా మూత తియ్యకుండానే నన్నొక ప్రశ్న వేశారు. "రోజంతా నువ్వు చేసేది ఇదే కదా, కస్టమర్ల జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు పడ్డాడేమో కనిపెట్టడం. రెండొందల ఏళ్ళ కిందటి మనుషుల్ని కూడా అలా కనిపెట్టగలవా?"

ఆయన కుటుంబం ఏడు తరాలుగా ఒంటారియోలోనే ఉంది. పూర్వీకులు ఎరీ సరస్సు ఒడ్డున, ఇప్పటి నార్ఫోక్ కౌంటీలో అడవి నరికి సేద్యం మొదలుపెట్టినవాళ్ళు. ఆయన తల్లికి ఎనభై దాటాయి. ఆవిడ ఓపిక ఉన్న రోజుల్లో సగం రాసి వదిలేసిన వంశవృక్షం ఒకటి ఇంట్లో ఉందట. ఆవిడ ఉండగానే అది పూర్తిచేసి చేతిలో పెట్టాలని కొడుకు ఆశ.

నేను వెంటనే ఒప్పుకున్నాను. డేటా మ్యాచింగ్‌లో పదేళ్ళ అనుభవం ఉంది కదా, రెండు వారాంతాల పని అనుకున్నాను. మూడు నెలలు పట్టింది. మధ్యలో ఒక తప్పు కూడా చేశాను. దాని సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తప్పే.

ఆయన ఇంటిపేరు ఇక్కడ రాయడం భావ్యం కాదు. కానీ అదే నార్ఫోక్ కౌంటీలో, అవే చిక్కులతో, మనలో చాలామంది పేరు విన్న కుటుంబం ఒకటుంది. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. టొరంటోలో చదువుకున్న మన పిల్లలకి రయర్సన్ యూనివర్సిటీ తెలుసు. 2022లో దాని పేరు టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీగా మారింది. ఆ పాత పేరు ఎగర్టన్ రయర్సన్ అనే ఆయనది. ఆయన తండ్రి, పెదనాన్న ఈ నేలకి వలస వచ్చిన కథ మనకి మంచి టెస్ట్ కేసు.

ఒకే ఇంటిపేరు, రెండు స్పెల్లింగులు

ఈ కుటుంబం మూలపురుషుడు పదిహేడో శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇప్పటి న్యూయార్క్ ప్రాంతానికి వచ్చిన డచ్చివాడు. అప్పట్లో వాళ్ళ పేరు రెయర్‌జూన్ లాంటిది. తరాలు గడిచి న్యూజెర్సీలో స్థిరపడేసరికి రయర్సన్ అయింది. 1776లో అమెరికన్ కాలనీలు బ్రిటిష్ రాజు మీద తిరగబడినప్పుడు శామ్యూల్, జోసెఫ్ అనే అన్నదమ్ములు రాజు పక్షాన నిలిచారు. అలా నిలిచినవాళ్ళని లాయలిస్టులు అంటారు. శామ్యూల్‌కి కెప్టెన్‌గా కమిషన్ ఇస్తూ గుమాస్తా ఎవరో పేరు తప్పు రాశాడు. రయర్సన్ బదులు 'రయర్స్' అని పడింది. సైన్యం కాగితంలో పడ్డ పేరుతోనే జీతం, ఆ పేరుతోనే తర్వాత భూమి. శామ్యూల్ దిద్దించుకోలేదు. జీవితాంతం రయర్స్‌గానే ఉండిపోయాడు. తమ్ముడు జోసెఫ్ మాత్రం రయర్సన్‌గానే ఉన్నాడు.

ఇది చదివి మీకు నవ్వొచ్చి ఉంటే, ఒక్కసారి మీ వీసా కాగితాలు గుర్తు చేసుకోండి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల ఎంతమందికి ఇంటిపేరు ఫస్ట్ నేమ్ అయిపోలేదు? "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" అని ముద్ర పడి, అందరిచేతా 'ఎఫ్ఎన్‌యూ' అని పిలిపించుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు? గుమాస్తా ఎలా రాస్తే అలా బతకడం మనకి కొత్త కాదు.

యుద్ధం ఓడిపోయాక అన్నదమ్ములు ముందు న్యూబ్రన్స్‌విక్ చేరారు. శామ్యూల్ 1790ల మధ్యలో అప్పర్ కెనడాకి, అంటే నేటి ఒంటారియోకి వచ్చి, ఎరీ సరస్సు ఒడ్డున మిల్లు కట్టాడు. ఆ ఊరు ఇప్పటికీ పోర్ట్ రయర్స్. జోసెఫ్ 1799లో వచ్చి దగ్గర్లోనే షార్లట్‌విల్ టౌన్‌షిప్‌లో దిగాడు. 1803లో అక్కడే ఎగర్టన్ పుట్టాడు.

ఇప్పుడు మన ప్రశ్న. ఈ కథ మనకి ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియకపోతే, ఒక కాగితంలో రయర్స్, ఇంకో కాగితంలో రయర్సన్ కనిపిస్తే, వాళ్ళు అన్నదమ్ములని ఎలా పట్టుకుంటాం?

మొదటి టేబుల్: అర్జీలు

అప్పర్ కెనడాలో భూమి కావాలంటే గవర్నరుకీ ఆయన కౌన్సిల్‌కీ అర్జీ పెట్టుకోవాలి. మన ఊళ్ళలో బంజరు భూమికి దరఖాస్తు పెట్టుకుని పట్టా తెచ్చుకున్న తాతల కథలు విన్నవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అర్జీదారు తనెవరో, ఎక్కడినుంచి వచ్చాడో, రాజుగారికి ఏం సేవ చేశాడో, ఇంట్లో ఎంతమందో, ఇంతకుముందు భూమి పుచ్చుకున్నాడో లేదో చెప్పుకుంటాడు. రాయడం రానివాళ్ళు వేరేవాళ్ళచేత రాయించి, కింద ఇంటూ గుర్తు పెట్టేవారు. కాగితం మడిచి, వెనకవైపు గుమాస్తా పేరు, తేదీ, కౌన్సిల్ ఏం తేల్చిందీ రాసేవాడు. ఆ తర్వాత వారంటు, సర్వే, నిర్ణీత గడువులో ఇల్లు కట్టి చెట్లు కొట్టి చూపించడం, చివరికి పట్టా.

ఎవరికి ఎంత అన్నదానికి లెక్క ఉండేది. 1780ల చివర్లో పెంచిన రేట్ల ప్రకారం కెప్టెన్‌కి 3,000 ఎకరాలు, అతని కింద ఆఫీసర్లకి 2,000. మామూలు కుటుంబానికి చాలా సందర్భాల్లో 200. ఇక 1789 నవంబరు 9న గవర్నర్ లార్డ్ డార్చెస్టర్ కౌన్సిల్ చేసిన తీర్మానం మన పనికి వరం లాంటిది. లాయలిస్టుల కొడుకులకి 21 ఏళ్ళు నిండగానే, కూతుళ్ళకి 21 నిండితే గానీ పెళ్ళయితే గానీ, తలా 200 ఎకరాలు. దాంతో కూతురు అర్జీ పెట్టుకునేటప్పుడు "నేను ఫలానా లాయలిస్టు కూతుర్ని, ఫలానావాడి భార్యని" అని రాసుకోవాల్సి వచ్చింది. పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ ఒకే రికార్డులో! పెళ్ళితో ఆడవాళ్ళ పేర్లు మాయమైపోయే ఆ రోజుల్లో ఇంతకన్నా మంచి జాయిన్ టేబుల్ ఎక్కడా దొరకదు.

ఈ అర్జీలు కెనడా జాతీయ గ్రంథాలయం, ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 82,000కి పైగా పేర్ల ఇండెక్సు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. మైక్రోఫిల్ముల స్కాన్లు కూడా ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడొచ్చు. వాటి అమరిక చూస్తే మనలాంటివాళ్ళకి ముచ్చటేస్తుంది. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి కట్టలు, కట్టకో నంబరు, కట్టలో అర్జీకో నంబరు. అచ్చంగా హ్యాష్ బకెట్లు. చిక్కల్లా ఏమిటంటే, మొదటి అక్షరం తప్పు పడితే రికార్డు వేరే బకెట్లోకి పోతుంది. జర్మన్ లాయలిస్టుల పేర్లలో 'కె'కి బదులు 'సి' రాసిన గుమాస్తాలు ఇలా ఎందరినో వేరే కట్టలోకి పంపేశారు.

ఇంకొక్కటి. అర్జీలో గానీ పట్టాలో గానీ టౌన్‌షిప్, కన్సెషన్, లాట్ నంబరు కనిపిస్తే వదలకండి. మనిషి పేరు గుమాస్తాని బట్టి మారుతుంది, వయసు జ్ఞాపకాన్ని బట్టి మారుతుంది. సర్వే నంబరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

రెండో టేబుల్: చర్చి పుస్తకాలు

అర్జీ మనిషి జీవితంలో ఒక్క రోజు ఫొటో. పుట్టుక, పెళ్ళి, చావు తెలియాలంటే చర్చి రిజిస్టర్లు కావాలి. ఒంటారియో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టిందే 1869 జులై 1న. అంతకుముందు డెబ్భై ఎనభై ఏళ్ళకి బాప్తిస్మం, వివాహం, ఖననం పుస్తకాలే గతి.

కానీ ఇక్కడ చట్టం తెలియకపోతే తప్పుదారి పడతాం. 1793 చట్టం ప్రకారం పెళ్ళి చేసే హక్కు ఇంగ్లండు చర్చి పాదిరీలది. జిల్లాలో అలాంటి పాదిరీలు ఐదుగురైనా లేనప్పుడు, పద్దెనిమిది మైళ్ళ లోపు ఎవరూ దొరక్కపోతే, మేజిస్ట్రేటు చెయ్యవచ్చు. 1798లో లూథరన్, కాల్వినిస్టు, స్కాట్లండు చర్చి పాదిరీలకి అనుమతి వచ్చింది. ఊరూరా గుర్రమెక్కి తిరుగుతూ జనంలో బాగా పేరు తెచ్చుకున్న మెథడిస్టు బోధకులకి మాత్రం 1831 దాకా ఆ హక్కు లేదు. అంటే, 1820లో ఒక మెథడిస్టు జంట పెళ్ళి ఆంగ్లికన్ పుస్తకంలో కనిపిస్తే వాళ్ళు మతశాఖ మారారని కాదు, వేరే దారి లేదని. అలాగే చర్చి పుస్తకంలో పెళ్ళి దొరక్కపోతే పెళ్ళి కాలేదని కాదు, మేజిస్ట్రేటు కాగితాల్లో వెతకాలి. శామ్యూల్ రయర్స్ కూడా మేజిస్ట్రేటే.

డేటా లేకపోవడం కూడా డేటాయే అని మనం మీటింగుల్లో అంటుంటాం. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఎక్కడా తగల్లేదు.

ఈ చట్టాల తగువు రయర్సన్ల ఇంట్లోకే వచ్చింది. జోసెఫ్ పక్కా ఆంగ్లికన్. ఆయన కొడుకుల్లో ఐదుగురు మెథడిస్టు బోధకులయ్యారు. ఎగర్టన్ పద్దెనిమిదో ఏట మెథడిస్టుల్లో చేరితే తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నాడు. కాబట్టి ఒకే ఇంటి పిల్లల వివరాలు ఒకే చర్చి పుస్తకంలో ఉంటాయని అనుకోవడానికి లేదు. 1840లలో వెస్లియన్ మెథడిస్టులు బాప్తిస్మాల వివరాలన్నీ టొరంటోకి పంపించి ఒక కేంద్ర రిజిస్టరు నడిపించారు. పిల్ల పేరు, తల్లిదండ్రులు, ఊరు, పుట్టిన తేదీ, అన్నీ అందులో ఉంటాయి. సెంట్రల్ సర్వరుకి రెప్లికేషన్ అన్నమాట, గుర్రాల మీద!

రెండు టేబుళ్ళని కలిపేదెలా?

ముందు సౌండెక్స్. రాబర్ట్ రసెల్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, ఒకే తీరుగా పలికే హల్లులకి ఒకే అంకె ఇస్తారు. డచ్చి రెయర్‌జూన్‌కి వచ్చే కోడు ఆర్-625. రయర్సన్‌కీ ఆర్-625. నూట ముప్పై ఏళ్ళ తేడా ఉన్నా కలిశాయి, భేష్! మరి సొంత అన్న రయర్స్? ఆర్-620. చివర 'ఎన్' లేదు కాబట్టి కలవలేదు. ముత్తాతని పట్టుకుని అన్నని వదిలేసింది.

మన పేర్లతోనూ అంతే. లక్ష్మిని 'ఎక్స్'తో రాసినా 'కె ఎస్ హెచ్'తో రాసినా సౌండెక్స్ ఒకే కోడు ఇస్తుంది. కానీ వెంకయ్యని పల్లెటూళ్ళో పిలిచినట్టు 'యెంకయ్య' అని రాస్తే మొదటి అక్షరమే మారిపోయి వేరే మనిషి అయిపోతాడు.

రెండోది ఎడిట్ డిస్టెన్స్. ఒక పేరుని ఇంకో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు ముట్టుకోవాలో లెక్కపెట్టడం. రయర్స్ చివరి 'ఇ'ని 'ఓ' చేసి, ఒక 'ఎన్' చేర్చితే రయర్సన్. దూరం 2. బాగానే ఉంది. కానీ రమేష్‌కీ రాజేష్‌కీ ఇంగ్లీషులో దూరం ఒకటే! వాళ్ళని ఒకడే అంటే ఇద్దరూ ఊరుకోరు.

కాబట్టి పేరొక్కటే చాలదు, అన్ని ఫీల్డులూ కలిపి తూచాలి. ఈ తూకానికి లెక్క కట్టినవాళ్ళు కెనడావాళ్ళే. చాక్ రివర్‌లోని అణుశక్తి సంస్థలో పనిచేసే హోవర్డ్ న్యూకోమ్, రేడియేషన్ ప్రభావం వంశపారంపర్యంగా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి బ్రిటిష్ కొలంబియా జనన, వివాహ రికార్డులని కంప్యూటరుతో కలిపి 1959లో వ్యాసం ప్రచురించాడు. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, సాధారణమైన పేరు కలిస్తే తక్కువ. అదీ ఆయన కిటుకు. 1969లో కెనడా గణాంకశాఖకి చెందిన ఇవాన్ ఫెలెగీ, అలన్ సంటర్ దానికి పూర్తి గణితం రాశారు. ఫెలెగీ కూడా మనలాగే వలస వచ్చినవాడు, 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ విడిచి వచ్చాడు. తర్వాత 1985 నుంచి 2008 దాకా కెనడా ప్రధాన గణాంకవేత్తగా పనిచేశాడు.

లెక్క చిన్నదే. ప్రతి ఫీల్డుకీ రెండు సంభావ్యతలు కావాలి. నిజంగా ఒకే మనిషయితే ఆ ఫీల్డు కలిసే అవకాశం ఎంత? వేర్వేరు మనుషులైనా కాకతాళీయంగా కలిసే అవకాశం ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించి, బేస్ 2కి లాగరిథమ్ తీస్తే ఆ ఫీల్డు బరువు వస్తుంది.

మాట వరసకి కొన్ని అంకెలు అనుకుందాం. ఊళ్ళో పదిమంది మగవాళ్ళలో ఒకడి పేరు జాన్. నిజంగా ఒకే మనిషయితే పేరు కలిసే అవకాశం 0.95. అప్పుడు 0.95ని 0.1తో భాగిస్తే 9.5, బరువు సుమారు 3.2. అదే వెయ్యిమందిలో ఒకరికి ఉండే పేరైతే 950, బరువు 9.9. కలవకపోతే మార్కులు పోతాయి. జాన్ కలవకపోతే 4.2 దాకా తగ్గుతుంది. లాట్ నంబరు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. రెండొందల లాట్లున్న టౌన్‌షిప్‌లో కాకతాళీయంగా కలిసే అవకాశం 0.005, నిజమైన మనిషి అదే లాట్‌లో ఉండే అవకాశం 0.6 అనుకుంటే, కలిసినప్పుడు బరువు 6.9, కలవనప్పుడు తగ్గేది 1.3 మాత్రమే. మనుషులు ఇళ్ళు మారతారు కాబట్టి, కలవకపోవడం పెద్ద నేరం కాదు.

అన్నీ కూడితే ఒక స్కోరు. పైన ఒక గీత, కింద ఒక గీత. పై గీత దాటితే ఒకే మనిషి, కింది గీతకి దిగువనయితే వేరే మనిషి. ఫెలెగీ, సంటర్ ఈ రెండింటితో ఆపలేదు. రెండు గీతల మధ్య పడ్డవి 'తేలలేదు' అని పక్కన పెట్టి, మనిషి కళ్ళతో చూడాలన్నారు. ఆ మూడో పెట్టె విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇద్దరు జార్జిలు

అన్నదమ్ములని కలపాలంటే రయర్స్, రయర్సన్ ఒకటేనని ప్రోగ్రాముకి చెప్పాలి. చెప్పామనుకోండి. శామ్యూల్ రయర్స్‌కి జార్జి అనే కొడుకున్నాడు. జోసెఫ్ రయర్సన్‌కీ జార్జి అనే కొడుకున్నాడు. ఒకే కౌంటీ, ఒకే తరం. స్పెల్లింగు తేడా చూసీ చూడనట్టు వదిలేసిన మరుక్షణం ప్రోగ్రాము ఈ ఇద్దరినీ నిక్షేపంగా ఒకే మనిషిని చేసేస్తుంది. తండ్రులని కలిపిన రూలే కొడుకులని మింగేస్తుంది.

ఎందుకిలా అంటే, ఫీల్డులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయన్నది ఈ లెక్కకి ఆధారం. కుటుంబాల్లో అది నిజం కాదు. తాత పేరు మనవడికి, తండ్రి పేరు కొడుక్కి, పెదనాన్న పేరు తమ్ముడి కొడుక్కి. పేరు కలిసినచోటే లాట్ కూడా కలుస్తుంది, ఎందుకంటే కొడుకు తండ్రి పొలంలోనే ఉంటాడు. స్కోరు పెరిగిపోతుంది, సాక్ష్యం మాత్రం పెరగదు.

ఆడవాళ్ళ విషయంలో దీనికి సరిగ్గా ఎదురు. శామ్యూల్ కూతురు అమీలియా 1798లో పుట్టింది. నౌకాదళానికి చెందిన జాన్ హారిస్‌ని పెళ్ళాడి అమీలియా హారిస్ అయింది. లండన్ అనే ఒంటారియో ఊళ్ళో వాళ్ళు కట్టుకున్న ఎల్డన్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. ఈ కుటుంబం తొలినాళ్ళ గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఆవిడ రాసిపెట్టిన జ్ఞాపకాల వల్లే. పెళ్ళి రికార్డు ఒక్కటి లేకపోతే, రయర్స్‌ల కథ చెప్పిన మనిషికి రయర్స్‌లతో సంబంధమే లేదని మన డేటాబేస్ తేల్చేసేది.

పుస్తకంలో సగమే ఉన్నవాళ్ళు

ఈ భూమి ఎవరూ లేని భూమి కాదు. నార్ఫోక్ కౌంటీతో సహా సుమారు ముప్పై లక్షల ఎకరాలని 1784లో బ్రిటిష్ ప్రభుత్వం మిసిసాగా ప్రజల దగ్గర 1,180 పౌండ్ల విలువైన సరుకులకి తీసుకుంది. హద్దులు సరిగ్గా లేవని 1792లో మళ్ళీ ఒప్పందం రాసుకున్నారు. మనవాళ్ళు చాలామంది ఉండే మిసిసాగా నగరం పేరు వాళ్ళదే. అర్జీ పెట్టుకున్నవాడి పేరు వేల కాగితాల్లో ఉంటుంది. భూమి వదులుకున్నవాళ్ళకి దక్కింది ఒక ఒప్పందంలో కొందరు పెద్దల గుర్తులు.

ఆగస్టస్ జోన్స్ అనే సర్వేయరు ఈ లాట్ల గీతలు చాలా గీశాడు. ఆయనకీ మిసిసాగా స్త్రీ టుబెనానీక్వేకీ 1802లో పుట్టిన కొడుకు తల్లివాళ్ళ దగ్గర కాకెవాక్వొనాబీ అనే పేరుతో పెరిగాడు. 1820లో ఆంగ్లికన్ బాప్తిస్మంతో పీటర్ జోన్స్ అయ్యాడు. తర్వాత మెథడిస్టు బోధకుడై, తన ప్రజల భూమి హక్కుల కోసం పోరాడాడు. ఎగర్టన్ రయర్సన్‌కి స్నేహితుడు. 1826లో రయర్సన్ క్రెడిట్ నది ఒడ్డున వాళ్ళ మధ్య ఉండి వాళ్ళ భాష నేర్చుకున్నాడు కూడా. అదే రయర్సన్ 1847లో ఆదివాసీ పిల్లల బడుల గురించి రాసిన నివేదిక, తర్వాత పిల్లలని ఇళ్ళనుంచి వేరు చేసిన రెసిడెన్షియల్ స్కూళ్ళకి ఒక ఆధారమైంది. 2021లో ఆయన విగ్రహం కూలడానికీ, మరుసటేడు యూనివర్సిటీ పేరు మారడానికీ కారణం అదే. చర్చి పుస్తకంతో మొదలైతే పీటర్ జోన్స్ పద్దెనిమిదేళ్ళ వయసులో పుట్టినట్టుంటుంది. ఏ ఎడిట్ డిస్టెన్సూ ఆ రెండు పేర్లనీ కలపలేదు.

అర్జీల్లో నన్ను కదిలించినది ఇంకొకటుంది. రిచర్డ్ పియర్‌పాయింట్ నేటి సెనెగల్ ప్రాంతంలో పుట్టి, పడుచుతనంలో బానిసగా అమ్ముడై అమెరికా చేరాడు. రాజు పక్షాన బట్లర్స్ రేంజర్స్‌లో, మళ్ళీ 1812 యుద్ధంలో పోరాడాడు. కొన్ని కాగితాల్లో ఆయన పేరు పాపైన్. 1821లో, డెబ్భై దాటిన వయసులో అర్జీ పెట్టుకున్నాడు. భూమి కోసం కాదు. ముసలివాణ్ణయ్యాను, కష్టం చేసి బతకలేకుండా ఉన్నాను, నన్ను నా దేశానికి పంపించండి అని. పంపలేదు. గరాఫ్రాక్సా టౌన్‌షిప్‌లో 100 ఎకరాలిచ్చారు. వచ్చే ఏడు వెనక్కి వెళ్ళిపోతామంటూ ఏటేటా లెక్కకి ఒకటి కలుపుకునే మనలాంటివాళ్ళం ఆ అర్జీ చదివి వెంటనే తర్వాతి కాగితం తిప్పలేం.

నా తప్పు

ఇప్పుడు మా ఆఫీసు పెద్దాయన కుటుంబం సంగతి. ఒక బాప్తిస్మం పుస్తకంలో, ఒకే తల్లిదండ్రులకి, ఒకే పేరుతో కూతురు రెండుసార్లు కనిపించింది. తేదీల మధ్య రెండేళ్ళ తేడా. స్కోరు పై గీత దాటింది. తేదీ రాయడంలో పొరపాటు, లేదా బాప్తిస్మం మళ్ళీ రాసుకున్నారు అనుకున్నాను. సెలెక్ట్ డిస్టింక్ట్ కొట్టి ఒకటి ఉంచాను, ఒకటి తీసేశాను. వంశవృక్షం ప్రింటు తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని తల్లికి చూపించారు. రెండో ఆదివారం నాకు ఫోన్ చేశారు. "మా అమ్మ ఒక పిల్ల తక్కువైందంటోంది. మొదటి పిల్ల పోతే, పేరు పోకూడదని రెండోదానికీ అదే పెట్టారని వాళ్ళ నానమ్మ చెప్పేదట."

ఖననాల పేజీలకి వెళ్ళి చూశాను. నేను అసలు వాటిని లోడ్ చెయ్యలేదు, స్కాన్ మసకగా ఉందని. ఉంది. రెండు బాప్తిస్మాల మధ్య ఒక పంక్తి. వయసు తొమ్మిది నెలలు.

పోయిన పిల్ల పేరు తర్వాతి పిల్లకి పెట్టడం ఆ రోజుల్లో మామూలే. మన ఇళ్ళలోనూ తెలియనిదేం కాదు. ఆ పసిదాని గుర్తుగా ఈ లోకంలో మిగిలినవి రెండే పంక్తులు. ఒకటి నేను చూడలేదు, రెండోది డూప్లికేటని చెరిపేశాను.

మర్నాడు నేను చేసిన మార్పులు ఇవి. ఏ రికార్డునీ ఏ రికార్డులోనూ కలిపెయ్యను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఒక టేబుల్‌లో ఉంటుంది, తప్పు స్పెల్లింగుతో సహా. "ఈ రెండూ ఒకే మనిషివని నేను అనుకుంటున్నాను" అనేది వేరే టేబుల్‌లో, ఎందుకనుకున్నానో, ఎప్పుడనుకున్నానో రాసి ఉంటుంది. ఆ పంక్తి తీసేస్తే రికార్డులు మళ్ళీ విడివిడిగా నిలబడాలి. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లన్నీ మార్చుకునే జెడ్‌కామ్ ఫార్మాటు 1984 నుంచి ఉంది. అందులోకి ఎక్కించేటప్పుడు కూడా ప్రతి తేదీకీ ఏ కాగితం ఆధారమో రాస్తున్నాను. తేలనివి తేలనట్టే ఉంచాను. ఆవిడకిచ్చిన రెండో ప్రింటులో పదకొండు చోట్ల ప్రశ్నార్థకాలున్నాయి. పిల్లలు మాత్రం అందరూ ఉన్నారు.

మన నౌకల జాబితాలు

ఈ పద్ధతి కెనడాకే పరిమితం కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుంచి డర్బన్ చేరింది. 1911 దాకా నేటాల్‌కి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన లక్షన్నర మందిలో తెలుగువాళ్ళు ఎందరో. ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా ఉంటాయి, మద్రాసు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా. వెంకయ్యలూ యెంకయ్యలూ అక్కడ కావలసినంత మంది.

ఒక్క తేడా ఉంది. నేటాల్‌లో ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. మనం కోరుకునే ప్రైమరీ కీ అదే. అప్పర్ కెనడా రైతుకి నంబరు లేదు, కానీ "నేను ఫలానా, నాకు ఇది కావాలి" అని చెప్పుకునే కాగితం ఉంది. మనవాళ్ళకి నంబరు ఉంది, ఆ కాగితం చాలామందికి లేదు. అందుకే డర్బన్‌లోనో మారిషస్‌లోనో ఒక తెలుగు కుటుంబం తమ ఊరేదో కనుక్కోమని మిమ్మల్ని అడిగితే, ప్రోగ్రాము రాసే ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక పూట కూర్చోండి. నా కోడు పట్టుకోలేనిది ఎనభై దాటిన ఒక పెద్దావిడ ప్రింటు చూడగానే పట్టుకుంది.